గిలి దీవుల్లో పాతిక లక్షల 'సొంత విల్లా' మాట నిజం కాదు

కొంతకాలంగా ఒకే సందేశం నాకు నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇది: ఇండోనేషియాలో లొంబోక్ అనే ద్వీపం పక్కనున్న గిలి దీవుల్లో పాతిక లక్షలకే సముద్రం ఒడ్డున మీ పేరు మీద విల్లా వస్తుంది. మీరు ఉన్నప్పుడు మీ ఇల్లు, లేనప్పుడు పర్యాటకులకు అద్దె ఇల్లు. ఏడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. వీసాకు ఇబ్బంది లేదు, పన్ను లేదు. నాలుగోసారి ఇది పంపింది నాకు వరుసకు బాబాయి. పదవీ విరమణ డబ్బులోంచి అడ్వాన్సు కట్టడానికి సిద్ధమై, ఒక్కమాట అడుగుదామని పంపారు. అందుకే దీన్ని మాట మాటగా విడదీసి రాస్తున్నాను.

ముందు నిజమైన సంగతి ఒప్పుకోవాలి. ఆ దీవులు అందమైనవే. త్రావంగన్, మెనో, ఆయర్ అనే మూడు చిన్న దీవులు. మోటారు బళ్లు లేవు. సైకిలు మీద వెళ్లాలి, లేదా 'చిదోమో' అనే గుర్రపు బండి ఎక్కాలి. అక్కడ చట్టప్రకారం వ్యాపారం నడుపుకుంటున్న విదేశీయులూ ఉన్నారు. కానీ వారిది ఈ సందేశం చెప్పే దారి కాదు.

"మీ పేరు మీదే" అన్న మాటతో మొదలుపెడదాం. అసలు మోసమంతా ఇక్కడే ఉంది. ఇండోనేషియా భూమికి మూలం 1960 నాటి 5వ నంబరు చట్టం. దాని 21వ సెక్షన్ ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, అక్కడివారు 'హక్ మిలిక్' అనేది, ఇండోనేషియా పౌరులకే. విదేశీయుడికి ఆ హక్కును నేరుగా కానీ, చుట్టు తిప్పి కానీ బదిలీ చేస్తే ఆ లావాదేవీ చెల్లదని 26వ సెక్షన్ చెబుతోంది. అంతటితో ఆగలేదు. ఆ భూమి ప్రభుత్వపరం అవుతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే వీలు కూడా ఉండదు.

ఈ 'చుట్టు తిప్పడం' ఎలా ఉంటుందంటే, స్థానికుడి పేరు మీద పట్టా ఉంచి, అసలు యజమాని మీరేనని పక్కన ఒక ఒప్పందం రాయిస్తారు. మన దగ్గర అసైన్డ్ భూమిని తెల్ల కాగితం మీద కొన్నవారి గతి గుర్తు తెచ్చుకోండి. 1977 చట్టం ఆ అమ్మకాలను నిషేధించింది. డబ్బిచ్చినవారు దశాబ్దాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. అక్కడా అంతే. తేడా ఒక్కటే, మీరు తిరగాల్సిన కార్యాలయం సముద్రాలు దాటి ఉంటుంది, అందులోని భాష మీకు రాదు. ఇందులో ఆ దేశాన్ని తప్పుపట్టడానికీ ఏమీ లేదు. భారత సంతతి కాని విదేశీయుడు విదేశంలో ఉంటూ మన దేశంలో స్థలం కొంటానంటే మన చట్టమూ ఒప్పుకోదు.

మరి పాతిక లక్షలకు ఇచ్చేది ఏమిటి? సాధారణంగా అది లీజు, అంటే పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో మొత్తం అద్దె ముందే కట్టడం. అక్కడ స్థలం ధరను 'ఆరె' లెక్కన చెబుతారు. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ, సుమారు 120 గజాలు. ఈ కొలత తెలియకపోతే ధర చవకా ప్రియమా అన్నది కూడా తేల్చుకోలేరు. లీజు తప్పు కాదు. లీజును సొంతమని చెప్పి అమ్మడం తప్పు. పాతిక లక్షలకు పాతికేళ్ల లీజంటే, మీరు ఏమీ చేయకపోయినా ఏడాదికి లక్ష రూపాయల విలువ కరిగిపోతుంది. మన ఊళ్లో స్థలంలా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే ఆస్తి కాదది. గడువు పొడిగింపు ఎవరి చేతిలో ఉంది, ఏ ధరకు, భూయజమాని పోతే వారసులు ఒప్పుకుంటారా, ఇవన్నీ పత్రంలో ఉండాలి. సందేశంలో వీటి ఊసే లేదు.

లీజు కాక చట్టబద్ధమైన దారులు రెండున్నాయి. నివాస అనుమతి ఉన్న విదేశీయుడు 'హక్ పాకై' అనే వాడుక హక్కు తీసుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం అది 30 ఏళ్లు, ఆపై 20, ఆపై మరో 30. కానీ దీనికి ప్రాంతాన్ని బట్టి ఇంటి కనీస ధర నిర్ణయించారు. రెండోది విదేశీ పెట్టుబడి కంపెనీ స్థాపించడం. దానికి సాధారణంగా స్థలం, భవనం కాక 1000 కోట్ల రుపయ్యాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక చూపాలి. మన డబ్బులో ఐదు కోట్ల పైమాటే. పాతిక లక్షల మాట ఎక్కడ, ఇది ఎక్కడ?

ఇక ఆ స్థలం అమ్మేవాడిదేనా? గిలి త్రావంగన్‌లో ఈ ప్రశ్న తప్పనిసరి. అక్కడ 65 హెక్టార్ల ప్రభుత్వ భూమిని, అంటే దీవిలో దాదాపు ఐదో వంతును, ప్రాంతీయ ప్రభుత్వం 1990లలో ఒక కంపెనీకి అప్పగించింది. కంపెనీ చెప్పినట్టు అభివృద్ధి చేయలేదు. ఈలోగా జనం అక్కడ ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కట్టుకున్నారు. 2021లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసి, అక్కడున్నవారు ఇకపై తనతో ఒప్పందాలు చేసుకోవాలంది. దశాబ్దాలుగా ఉంటున్నవారికే కాళ్ల కింది నేల ఎవరిదో తేలని చోట, వాట్సాప్‌లో ఫొటో చూసి డబ్బు పంపేవారికి ఏ భరోసా ఉంటుంది?

"సముద్రం ఒడ్డున" అన్నది ఆకర్షణగా రాశారు. నిజానికి అదే ప్రమాదం. అత్యధిక పోటు గీత నుంచి 100 మీటర్ల దాకా తీరాన్ని ఖాళీగా ఉంచాలన్నది అక్కడి సాధారణ నియమం. 2017లో త్రావంగన్ తీరం వెంబడి కట్టడాలను అధికారులు కూల్చివేశారు. 2025 జూలైలో బాలిలోని బింగిన్ తీరంలో నలభైకి పైగా కట్టడాలను నేలమట్టం చేశారు. వాటిలో ఏళ్ల తరబడి నడిచిన వసతి గృహాలున్నాయి.

నీటి సంగతి సందేశంలో ఒక్క ముక్క కూడా లేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఆయర్ అంటే ఇండోనేషియా భాషలో నీరు. పేరులో నీరున్నా ఆ దీవులకు నది లేదు, నమ్ముకోదగ్గ మంచినీటి ఊట లేదు. బావుల నీరు ఉప్పగా మారుతుంది. తాగేది బయటినుంచి రావాలి, లేదా సముద్రపు నీటిని శుద్ధి చేయాలి. ఆ శుద్ధి కర్మాగారం పనుల వల్ల పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయన్న వివాదంలో సరఫరా దెబ్బతింది. 2024లో మెనో వాసులకు పైపు నీరు ఆగిపోయింది. స్థానికులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. అక్కడ పుట్టి పెరిగినవారు నీటి కోసం ఖాళీ క్యాన్లు మోస్తుంటే, ఆ పక్కనే ఈత కొలనుతో విల్లా అని అమ్మేవాడు కొనేవాడిని మాత్రమే మోసం చేయడం లేదు. ఇంకో విల్లా అంటే ఉన్న కొద్ది నీటికి ఇంకో వాటాదారు.

భూకంపాల గురించీ మౌనమే. 2018 జూలై 29న 6.4, ఆగస్టు 5న 6.9 తీవ్రతతో లొంబోక్ కంపించింది. 500 మందికి పైగా చనిపోయారు. గిలి దీవుల నుంచి పర్యాటకులను వేల సంఖ్యలో పడవల్లో తరలించారు. రెండేళ్లు తిరక్కుండానే కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి విదేశీ పర్యాటకులు రాకపోవడంతో వారి మీదే బతికే దీవులు ఖాళీ అయ్యాయి. "ఏడేళ్లలో పెట్టుబడి తిరిగి" అన్న లెక్క వేసినవారు 2018, 2020, 2021 సంవత్సరాలను ఏ గడిలో రాశారో అడగండి.

వీసా విషయం క్లుప్తంగా. విమానాశ్రయంలో ఇచ్చే వీసా 30 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు. దాని మీద అద్దె వ్యాపారం చేయకూడదు. దూరం నుంచి ఉద్యోగం చేసుకునేవారికి ఏడాది వీసా ఉంది కానీ, విదేశీ సంస్థ నుంచి ఏడాదికి 60 వేల డాలర్ల ఆదాయం చూపాలి. అదీ స్థానికంగా సంపాదించడానికి కాదు.

"పన్ను లేదు" అన్నది పచ్చి అబద్ధం. 12 నెలల్లో 183 రోజులు మించి ఉంటే అక్కడి పన్ను పరిధిలోకి వస్తారు. రేట్లు 5 నుంచి 35 శాతం వరకు. పర్యాటక వసతి మీద 10 శాతం దాకా స్థానిక పన్ను వేరు. ఇక్కడ మన వైపు కూడా చూడాలి. భారత నివాసి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు. ఇలా స్థిరాస్తి కోసం పంపేటప్పుడు 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ, అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు. విదేశీ ఆస్తిని రిటర్నులో చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

బాబాయికి నేను చెప్పింది ఇంతే. అడ్వాన్సు పంపకండి. అంత ఇష్టంగా ఉంటే పిన్నితో కలిసి ఒక నెల, అదీ వానాకాలంలో, అద్దె గదిలో ఉండి రండి. మీరు ఉండే చోట నీరు ఎక్కడి నుంచి వస్తోందో, రోజుకు ఎంతసేపు వస్తోందో చూడండి. స్థలం అమ్ముతానన్నవాడిని పట్టా నంబరు అడిగి, అతని మనిషిని కాక మీ సొంత నోటరీని, అంటే అక్కడ భూమి పత్రాలు చూసే అధికారిని, పెట్టుకుని జిల్లా భూ కార్యాలయంలో వెతికించండి. నంబరు ఇవ్వడానికి అతను తటపటాయిస్తే అక్కడి నుంచే పడవ ఎక్కండి.