భీమిలిలో ఆరని ప్యాంటు

భీమిలి వెళ్ళాలంటే శ్రావణంలో, అదీ బుధవారం వెళ్ళాలి. మంగళ, శుక్రవారాల్లో ఇంట్లో నోములుంటాయి కనుక బుధవారం. కార్తీకమాసపు ఆదివారం వెళితే సముద్రం కనిపించదు, దానికి అడ్డంగా నిలబడ్డ వీపులు కనిపిస్తాయి. అదే వానాకాలంలో అయితే గోస్తని సముద్రంలో కలిసే చోట మీరు, నాలుగు కొంగలు, ఒక కుక్క. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన అక్షరాలు తీరిగ్గా చదువుకోవచ్చు. రూము అద్దె బేరానికి దిగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి ఉంటుంది కనుక చేపలకూ లోటుండదు.

ఇంత సుఖానికీ ఒక్కటే శత్రువు. జీన్సు ప్యాంటు.

ఇంటాయన "కాళ్ళు తడుపుకుని వచ్చేస్తా" అని బయల్దేరతాడు. జీన్సు మోకాలి దాకా మడుద్దామంటే పిక్క దగ్గరే ఆగిపోతుంది. మొదట ఏడెనిమిది చిన్న అలలు వచ్చి చీలమండలు తడిపి మర్యాదగా వెళ్ళిపోతాయి. ఆయనకి సముద్రం మీద నమ్మకం కుదిరిపోతుంది. సెల్ఫీ కోసం దానికి వీపు తిప్పుతాడు. వెనక్కి పోయే నీళ్ళు మడమల కింద ఇసుకని తోడేస్తూ ఉంటాయి; పాదాలు బెత్తెడు దిగబడ్డాక పరిగెత్తాలన్నా కాళ్ళు రావు. పెద్ద అల సరిగ్గా అప్పుడొస్తుంది. ఫోను పట్టుకున్న చెయ్యి పైకి లేస్తుంది, ఫోను దక్కుతుంది. పర్సు వెనక జేబులో ఉంటుంది. (ముందటి అలలు చెత్త, గవ్వలు వదిలిన గీత ఇసుక మీద కనిపిస్తూనే ఉంటుంది. దానికి బాగా ఇవతల నిలబడాలి. ఆ నెలల్లో అది స్నానానికి దిగే సముద్రం కాదు.)

ప్యాంటు పిండి బాల్కనీలో ఆరేస్తారు. అంత గాలి వీస్తోంది, పొద్దున్నకి ఆరదూ? పొద్దున్న ఇంటావిడ ముట్టుకుని చూస్తుంది.

"ఏమండీ, ఇది రాత్రికంటే బరువెక్కినట్టుందే?"

ఆవిడకి అలా అనిపించడంలో వింతేం లేదు. లీటరు సముద్రపు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు కొంత పోయినా ఉప్పు గుడ్డలోనే ఉండిపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా నీరు కారడం ఎరుగుదుం కదా, ప్యాంటుదీ అదే కథ. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు కూడా చెమ్మ లాగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు అంతకంటే ముందే మొదలుపెడుతుంది. శ్రావణంలో సముద్రపు ఒడ్డున తేమకేం కరువు! అంటే బాల్కనీలో ప్యాంటు ఎంతసేపున్నా పూర్తిగా ఆరదు, ఉప్పు చెమ్మని పట్టుకునే ఉంటుంది.

టీ తెచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే చూసి తేల్చేస్తాడు. "సముద్రం నీళ్ళా బాబూ? అలగైతే ఆరదు. మళ్ళీ తడపాలి."

తడపాల్సిందే. ప్యాంటు తిరగేసి, జేబులు బయటికి లాగి, బకెట్ మంచినీళ్ళలో పావుగంట నానబెట్టాలి. పిండి నీళ్ళు మార్చాలి. ఇలా మూడు బకెట్లు. ఉప్పు పోయిందో లేదో తెలియాలంటే అంచు పిండి, ఒక చుక్క నాలిక మీద వేసుకోవడమే. పెద్దమనిషి బాల్కనీలో నిలబడి ప్యాంటు రుచి చూస్తుంటే పక్క రూములవాళ్ళు ఏమనుకుంటారన్న బెంగ అక్కర్లేదు, పక్క రూముల్లో ఎవరూ లేరు. ఈ సీజన్లో రావడంలో అదొక సౌకర్యం.

తరవాత పొడి తువ్వాలులో చాపలా చుట్టి, ఎక్కి తొక్కాలి. చేత్తో పిండితే రాని నీళ్ళు తువ్వాలుకి వస్తాయి. ఇక ఆరెయ్యడం గదిలోనే, ఫ్యాను కింద, నడుము విచ్చుకుని ఉండేలా క్లిప్పులు పెట్టి. కిటికీ తెరిచారా, చేసిందంతా గోస్తనిలో కలిసినట్టే. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టాలి. అన్నిటికంటే ఆలస్యంగా ఆరేవి నడుంపట్టీ, జేబులు. జిప్పు బిగుసుకుంటే పెన్సిలు ముక్కు రుద్దితే జారుతుంది.

ఇంతా చేస్తే రేపటి మాట. ఈ సాయంత్రానికి ఏం కట్టుకోవాలి? రెండు రోజులే కదా అని ఒక్క ప్యాంటుతో వచ్చిన మనిషాయె. టీ కుర్రాడే ఒక గళ్ళ లుంగీ ఇస్తాడు. అది తడిసినా, మంచినీళ్ళలో జాడిస్తే ఫ్యాను కింద ఇట్టే ఆరిపోతుంది. ఆయన దాన్ని మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, బిక్కుబిక్కుమంటూ బజ్జీల బండి దగ్గరికి నడుస్తాడు.

బండావిడ మిరపకాయ బజ్జీలు నాలుగు కాయితంలో పెట్టి, ఆయన్ని ఎగాదిగా చూసి అడుగుతుంది: "ఏటి బాబూ, ఈయేళ వేటకెళ్ళలేదేటి?"