గని ఊరి పిల్లల గోళీలు

కల్పిత గని గ్రామంలో పిల్లలు నున్నని రాళ్లను గుంటలోకి విసిరి ఆడే ఆటను వర్ణించిన మీ వ్యాసం నాకు నచ్చింది; కానీ ఆ రాళ్లు అంత గుండ్రంగా ఎలా తయారయ్యాయో చెప్పకపోవడం లోటుగా తోచింది. గనిలో పగలగొట్టిన రాయికి పదునైన అంచులుంటాయి, నునుపు ఏటి రాయికి ఉంటుంది. జర్మనీలోని ఇడార్-ఒబెర్‌స్టైన్‌లో, స్థానికంగా తవ్విన అగేటు (రంగుల చారలుండే గట్టి రాయి) రాళ్లను ఏటి నీటితో తిరిగే పెద్ద ఇసుకరాతి చక్రాల మీద, పనివారు బోర్లా పడుకొని సానబట్టేవారు. 19వ శతాబ్దంలో అక్కడి అగేటు గోళీలకు మంచి పేరుండేది. అదే దేశంలోని లౌషాలో గాజు గోళీల తయారీ పెరిగాక రాతి గోళీలు వెనుకబడ్డాయి. కాబట్టి మీ కల్పిత ఊరికి ఇలాంటి ఒక సానమర ఉంటే ఆటకు ఆధారం దొరుకుతుంది.

ఇక ఆడే తీరు గురించి ఒక మాట. సొరంగం ముంగిట ఇరుకు చోటులో విసరడం కంటే, మన గోళీలాటలో వలె బొటనవేలిని నేలకు ఆనించి, నడివేలిని వింటినారిలా వెనక్కి లాగి కొట్టడమే కుదురుతుంది. ఓడినవాడు మోచేత్తో గోళీని నెట్టుకుపోవాలన్న శిక్షనూ చేర్చవచ్చు. గులకరాళ్ల నేల మీద అదెంత కఠినమో నా మోచేతులకు ఇంకా గుర్తుంది.