ఇంకో బుక్కకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంకో బుక్క గారికి,

హన్మకొండ నుంచి కడుపుల తిప్పేటోళ్లందరి దండాలు.

తమరి ప్రేమను శంకించే ధైర్యం ఓరుగల్లుల ఎవరికుంది? మనిషి మంచం పట్టిండంటే డాక్టరు కంటే ముందు తమరే దిగుతరు. "ఇంకో బుక్క తిను, తింటెనే గద బిడ్డా సత్తువొచ్చేది" అని అమ్మ నోట పలికిస్తరు. కంచం నిండ పొగలు గక్కే అన్నం, అప్పుడే పోపు పెట్టిన పప్పుచారు, పక్కన చపాట మిర్చి తొక్కు. చపాటకు రంగే గాని కారం తక్కువని తమరి వకాల్తా. ఒప్పుకుంటం. మరి దాని మీద తేలే నూనె సంగతేంది? నూనె తిండి కడుపుల చానాసేపు నిలుస్తది; అసలే మొరాయిస్తున్న కడుపు ఇంకింత మొండికేస్తది. ఇక వేడి. కూర ఎంత వేడిగుంటే వాసన అంత లేస్తది, సగం వికారం ముక్కు కాడనే మొదలైతది. అదే చల్లారిన పెరుగన్నమో, మజ్జిగ కలిపిన జొన్న అంబలో అయితే సప్పుడు లేకుండ లోపలికి పోతది. పోపు పెట్టేటప్పుడు ఆ మనిషిని దూరపు అర్రల, కిటికీ తెరిచి కూసోబెడితే ఇంకా మేలు.

తమరి లెక్క మూడు పూటలు, మూడు కంచాలు. కడుపు లెక్క రెండు మూడు గంటలకోసారి పిడికెడు. అట్లని పస్తు పెట్టమని కాదు, ఖాళీ కడుపు కూడ తిప్పుతది. నెల తప్పిన కోడలికి "ఇద్దరి పాలు తినాలె" అని పొద్దుగాలనే అట్లు పేర్చే బదులు, మంచం దిగకముందే పిడికెడు ముర్మురాలు నమలనిచ్చి పావుగంట ఆగి లేవనియ్యండ్రి. చాయ్ ఆ తర్వాత. నీళ్లు తిండితో పాటు గటగట కాదు. అరగంట ఎడం పెట్టి గుక్క గుక్కగ. వేలి కొసంత అల్లం దంచి, గ్లాసు వేడి నీళ్లల్ల పది నిమిషాలుంచి వడకట్టి తాగినా నడుస్తది. రక్తం పలచబడే మందులు వాడేటోళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలె.

తమరు చేసే అసలు ద్రోహం ఇంకోటుంది. బియ్యప్పిండితో చేసే సర్వపిండంటే పానమని, సరిగ్గ వాంతుల నాడే దాన్ని నోట్ల కుక్కుతరు. వాంతికి కారణం జ్వరమే గావచ్చు, కానీ నాలుక కేసు సర్వపిండి మీదనే పెడుతది. ఆ కేసు నెలలకు నెలలు నడుస్తది. ఇష్టమైన తిండిని బాగైనంక పెట్టండ్రి, అది బతికిపోతది.

వాంతైనంక పది నిమిషాలు తమరికి సెలవు. తర్వాత ఓఆర్ఎస్, రెండు మూడు నిమిషాలకో చెంచా. ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లల్ల చక్కెర 6 టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా, రెండూ అంచుకు సమంగ తలగొట్టి కొలిచి. పచ్చిపులుసుల ఉప్పు వేసినట్టు చేతి లెక్క ఇక్కడ పనికిరాదు; ఉప్పెక్కువైతే పిల్లలకు ప్రమాదం. తాగిన నీళ్లు కూడ రోజంతా నిలవకపోయినా, మూత్రం ఆగినా, వాంతిల రక్తం పడ్డా, తమరు కంచం దించి ఆటో పిలవండ్రి.

ఇట్లు,
సగంల పక్కకు జరిపిన కంచం

తా.క.: మేడారం బస్సెక్కేటోళ్లకు గంట ముందు ఇడ్లీలు రెండు చాలు. ముందు సీటు, చూపు ఫోను మీద కాకుండ దూరం రోడ్డు మీద. తమరు మిర్చి బజ్జీల పొట్లం పట్టుకొని వెనక సీట్లనే కూసోండ్రి.