ఆ జెండాను ఏ ఏడాది ఎగరేశారో చూడండి

ఎర్ర గుడ్డ మీద నీలం ఇంటూ గుర్తు, అందులో 13 తెల్ల నక్షత్రాలు. అమెరికా దక్షిణాదిలో ఈ జెండా గురించి మాట వస్తే ఒకరు ‘మా ముత్తాతల వారసత్వం’ అంటారు, మరొకరు ‘నల్లవారి మీద ద్వేషం’ అంటారు. పట్టుకున్నవారి మనసులో ఏముందో వెతికితే ఈ తగువు తెగదు. ఎవరు, ఎక్కడ, ఏ ఏడాది ఎగరేశారో చూస్తే చాలావరకు తెగుతుంది.

అమెరికా నుంచి విడిపోయి అంతర్యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాల కూటమి పేరు కాన్ఫెడరసీ. నిజానికి ఈ జెండా దాని తొలి జాతీయ జెండా కాదు. 1861 మార్చిలో ఎంచుకున్నది ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీలతో, మూలన నక్షత్రాల వలయంతో ఉండేది. అది అమెరికా జెండాలాగే కనిపించడంతో ఆ జులైలో మనాసస్ యుద్ధంలో మనవాళ్లెవరో, శత్రువులెవరో తెలియక సైన్యం తికమకపడింది. ఆ తర్వాతే ఇంటూ గుర్తు జెండా యుద్ధ పతాకమైంది. అందుకే వారసత్వవాదులు ఇది సైనికులది, బానిసల యజమానులది కాదంటారు. ఆ సైనికుల్లో చాలామందికి బానిసలు లేరన్న మాట నిజమే. కానీ ఆ సైన్యం ఏ ప్రభుత్వం కోసం పోరాడింది? నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే తమ ప్రభుత్వానికి మూలరాయి అని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో బహిరంగంగా చెప్పాడు.

‘రాష్ట్రాల హక్కుల కోసం పోరాడాం’ అనే వాదన ఇంకా బలహీనం. 1860 డిసెంబరులో సౌత్ కరోలినా విడిపోతూ రాసుకున్న ప్రకటన చదవండి. పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నది అందులోని పెద్ద ఫిర్యాదు. అంటే పక్క రాష్ట్రాలు తమ హక్కును వాడుకోవడమే వారికి కంటగింపైంది.

నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా కనిపించేది ఇరవయ్యో శతాబ్దం. నల్ల, తెల్ల పిల్లలకు వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లో చెప్పింది. 1956లో జార్జియా ఈ గుర్తును తన రాష్ట్ర జెండాలోకి తెచ్చింది. అంతర్యుద్ధ శతాబ్ది పేరుతో 1961లో సౌత్ కరోలినా శాసనసభ భవనం మీదికి ఎక్కిన జెండా ఉత్సవం ముగిశాక కూడా దిగలేదు. 2000లో గుమ్మటం మీది నుంచి తీసినా, అదే ఆవరణలోని సైనిక స్మారకం దగ్గర నిలబెట్టారు. 2015 జూన్ 17న చార్లెస్టన్ చర్చిలో 9 మంది నల్లవారిని కాల్చి చంపినవాడు ఇదే జెండాతో ఫొటోలు దిగినవాడు. మృతుల్లో ఆ రాష్ట్ర సెనేటర్ క్లెమెంటా పింక్నీ కూడా ఉన్నారు. సంతాపంగా దేశ పతాకాన్ని, రాష్ట్ర పతాకాన్ని సగానికి దించారు. ఈ జెండా మాత్రం పైనే ఎగిరింది, ఎందుకంటే శాసనసభ అనుమతి లేకుండా దాన్ని కదపరాదని చట్టం. చివరికి సభలు ఓటు వేశాక జులై 10న దిగింది.

సొంత ఇంటి వాకిట్లో ఎగరేసుకునే స్వేచ్ఛ అమెరికా రాజ్యాంగం ఇస్తుంది, దాన్ని లాక్కోమని నేననను. ప్రభుత్వ స్తంభం సంగతి వేరు. అక్కడ ఎగిరేది అందరి పేరునా మాట్లాడుతుంది.

అయినా తీసేసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. జార్జియా ఇంటూ గుర్తు వదిలేసి 2003లో తెచ్చుకున్న జెండా, పైన చెప్పిన కాన్ఫెడరసీ తొలి జాతీయ జెండాకు దగ్గరి నకలే. గుర్తుపట్టేవారు తక్కువ గనుక గొడవ లేదు.

ఇప్పుడు తెలుగు కుటుంబాలు ఎన్నో ఇళ్లు కొనుక్కుంటున్న ఫోర్సైత్ కౌంటీ ఆ రాష్ట్రంలోనిదే. 1912లో అక్కడి నల్లవారిని, దాదాపు 1,100 మందిని, బెదిరించి ఊళ్లు వదిలి వెళ్లగొట్టారు. 1987 జనవరిలో సమానత్వం కోసం నడిచిన కొద్దిమంది మీద రాళ్లు, సీసాలు విసిరిన గుంపు చేతుల్లో ఉన్నది ఈ జెండాయే. పొరుగింటి వాకిట్లో అది కనిపించినప్పుడు ‘వాళ్ల సంస్కృతిలే’ అనుకునే మనవారికి ఈ రెండు తేదీలూ తెలియాలి.