వన్స్ మోర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వన్స్ మోర్ గారికి,

కందుకూరు పక్క పల్లెలో పుట్టి సింగపూర్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న ఒక నాటకాల పిచ్చోడు రాసుకునేది. మీ వల్ల మా నాయన పరువూ, ఆయన పక్కన కూర్చున్న పాపానికి నా పరువూ పోయాయి.

లండన్‌లో 1986లో మొదలై, న్యూయార్క్‌లో 1988 నుంచి 2023 దాకా 13,981 ఆటలు ఆడిన 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' అనే పాటల నాటకాన్ని ఒక టూరింగ్ కంపెనీ సింగపూర్‌కు మోసుకొచ్చింది. నాయన అప్పుడు మా దగ్గరే ఉన్నాడు. టికెట్టు ధర చెప్పలేదు. చెప్తే పొగాకు బేళ్ల కింద లెక్కగట్టి వారం నిద్రపోడు. "ఒపేరా అంటే ఏందబ్బాయా?" అంటే, "మన పద్యనాటకమే నాయనా, హార్మోనియం కనపడదు, అంతే" అన్నాను. కొంప అక్కడే మునిగింది.

నాటకంలో ముసుగు మనిషి ఒక పిల్లను పడవలో తీసుకుపోతూ పాడిస్తున్నాడు. చివర్లో ఆమె గొంతు పైకి, ఇంకా పైకి పోయి అక్కడ నిలబడింది. ఆమె ఆపిందో లేదో, నాయన కుర్చీలోంచి లేచాడు.

"వన్స్ మోర్!"

చిన్న టార్చి పట్టుకుని ఒకామె మా వరస దగ్గరికొచ్చింది. నాయన కూలబడి నా చెవిలో, "ఇంగ్లీషులోనే గదరా అడిగింది, వీళ్లకెందుకు అర్థం కాలా?" అన్నాడు.

మీ టక్కరితనం అదే కదండీ. ఇంగ్లీషు పేరు పెట్టుకుని ఇంగ్లీషోళ్ల ముందు మొహం చాటేస్తారు. వాళ్లు ఫ్రెంచి మాట తీసుకుని 'ఆంకోర్' అంటారు. ఫ్రెంచోళ్లేమో లాటిన్‌లో 'బిస్' అంటారు. ఇంకోసారి పాడవయ్యా అని సొంత భాషలో అడగడానికి అందరికీ మొహమాటమే. 1786లో వియన్నాలో మోజార్ట్ ఒపేరాకు మీ తాలూకు వాళ్ల గోల ఎక్కువైతే, ఒకరికి మించి కలిసి పాడే పాటలు మళ్లీ పాడకూడదని చక్రవర్తి రెండో జోసెఫ్ ఆజ్ఞ వేశాడు. ఆ చక్రవర్తి మా ఊరి శ్రీరామనవమి పందిట్లో కూర్చుని ఉంటే తెలిసేది, ఆజ్ఞ ఎవరిదో!

ఆ ఫాంటమ్ ఆటలో దీపం వెలగాలన్నా, పడవ కదలాలన్నా, మొదటి అంకం చివర ఆ పెద్ద షాండ్లియర్ కూలాలన్నా తెర పక్క నుంచి స్టేజి మేనేజరు సైగ ఇవ్వాలి. పాట వెనక్కి తిప్పితే పడవా వెనక్కి పోవాలి. మన దగ్గర హార్మోనియం ఆయన నటుడి గొంతు వెంట పోతాడు, నటుడు మీ వెంట పోతాడు. అందుకే మొన్న కాటి సీనులో హరిశ్చంద్రుడు ఒకే పద్యం మూడోసారి ఎత్తుకున్నాడు. చచ్చిపడున్న లోహితాస్యుడు దోమలకు తాళలేక కాలు గోక్కున్నాడు. మధ్యలో మైకులో చదివింపులు, "ఫలానా వారు నూట పదహార్లు." చంద్రమతి ఏడుపు ఆపి మరీ దణ్ణం పెట్టింది.

ఒంగోలులో చిన్నప్పుడు ఆడవేషాలు కట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు గారిని కూడా మీరు ఇట్టాగే సతాయించారో లేదో మీకే తెలియాలి.

ఇంతా రాసి నిజం దాచడమెందుకు? ఆ పిల్ల గొంతు అక్కడ నిలబడినప్పుడు మీరు నా నాలిక చివర కూడా ఉన్నారు. నాయన ముందు లేచాడు, అంతే తేడా.

ఇక అసలు విన్నపం. ఈ నవమికి వస్తున్నా. రాయబారం పెట్టారు, ముగ్గురు కృష్ణులట. నాకేమో పొద్దున పది గంటలకు చెన్నైలో విమానం. మూడింటికల్లా కారెక్కాలి. మొదటి ఇద్దరు కృష్ణుల జోలికి రాకండి. మూడో ఆయన్ను మీ ఇష్టం వచ్చినన్ని సార్లు పాడించుకోండి, కాకపోతే రెండున్నర లోపల.

ఇట్లు,
నాయన పక్క సీటువాడు