యూఎస్‌డీటీ ఎలా పంపినా ఖర్చు ఒక్కటేనా? కాదు

ఉద్దానం వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంటికి యూఎస్‌డీటీ, అంటే డాలరు విలువకు కట్టిన క్రిప్టో నాణెం, పంపుకోవచ్చట. ఇథీరియం, సొలానా, ట్రాన్ లాంటి ఏ క్రిప్టో నెట్‌వర్క్‌లో పంపినా ఫీజు ఒక్కటేనట, అదీ రూపాయి లోపేనట. పెద్ద మొత్తానికే పెద్ద ఫీజట. ఫెయిలైతే అంతా వెనక్కి వచ్చేస్తుందట. ఎండలో వెల్డింగ్ చేసి సంపాదించిన డబ్బు ఈ మాటలు నమ్మి పోతుంటే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ఫీజు ఒక్కటే అన్నది అన్నిటికంటే పెద్ద తప్పు. ఇథీరియంలో వాడిన గ్యాస్‌ను, అంటే ఆ పనికి నెట్‌వర్క్ పడే శ్రమ కొలతను, ఆ పూట గ్యాస్ ధరతో గుణిస్తే ఫీజు తేలుతుంది. అక్కడి సొంత నాణెం ఈథర్ పంపడానికి 21,000 యూనిట్లు చాలు, యూఎస్‌డీటీకి సుమారు 65,000 కావాలి. ధర యూనిట్‌కు 20 గ్వేయి (ఈథర్‌లో వంద కోట్లో వంతు ఒక గ్వేయి) ఉంటే యూఎస్‌డీటీకి 0.0013 ఈథర్ అవుతుంది. 2021 రద్దీలో ఒక్కసారి పంపడానికి పదుల డాలర్లు పోయిన రోజులున్నాయి. సొలానాలో లావాదేవీ మీద పడే ఒక్కో డిజిటల్ సంతకానికి మూల ఫీజు 0.000005 సోల్ (అక్కడి నాణెం) మాత్రమే. కానీ అవతలివాళ్లకు యూఎస్‌డీటీ టోకెన్ ఖాతా లేకపోతే, అది తెరవడానికి ఆ ఫీజుకు సుమారు 400 రెట్ల సొమ్ము పక్కన పెట్టాలి. ట్రాన్‌లో కూడా అంతే. అందుకునే వాలెట్‌లో యూఎస్‌డీటీ నిల్వ లేకపోతే ఎనర్జీ, అంటే అక్కడి గ్యాస్ లాంటిది, దాదాపు రెట్టింపు పడుతుంది.

ఇంకో సంగతి, ఫీజును యూఎస్‌డీటీలో కోసుకోరు. నెట్‌వర్క్ సొంత నాణెంలోనే కట్టాలి: ట్రాన్‌లో టీఆర్ఎక్స్, ఇథీరియంలో ఈథర్ చేతిలో ఉండాలి. దోహాలో ఉన్న మా బావమరిది ఓ రాత్రి వీడియో కాల్ చేసి ఫోను తిప్పి చూపించాడు. వాలెట్‌లో 300 యూఎస్‌డీటీ ఉంది, కింద టీఆర్ఎక్స్ దగ్గర సున్నా. "కనబడతంది గాని కదల్నేదు బావా" అన్నాడు. ఇంట్లో చదువు ఫీజు కట్టాల్సిన పిల్ల ఉంది. తెలిసినవాళ్లెవరో కొంచెం టీఆర్ఎక్స్ పంపేదాకా, రెండు రోజులు ఆ డబ్బు అక్కడే ఉండిపోయింది.

పెద్ద మొత్తానికే పెద్ద ఫీజు అన్నదీ నిజం కాదు. పలాస జీడిపప్పు పార్సిల్‌కి ట్రాన్స్‌పోర్టువాళ్లు బరువు చూస్తారు గాని, లోపలున్నది గుళ్లా బద్దలా అని చూడరు. బిట్‌కాయిన్‌లో ఆ బరువంటే లావాదేవీ డేటా సైజు, బైట్లలో ఉంటుంది. చిన్నచిన్నగా పది సార్లు వచ్చిన సొమ్మును కలిపి పంపితే సైజు పెరిగి, మొత్తం చిన్నదైనా ఫీజు ఎక్కువ పడుతుంది. 2024 ఏప్రిల్ 20న, హావింగ్ (మైనర్లకిచ్చే కొత్త బిట్‌కాయిన్ల బహుమతి సగానికి తగ్గడం) జరిగిన రోజు, బిట్‌కాయిన్ సగటు ఫీజు వంద డాలర్లు దాటింది.

ఫెయిలైతే అంతా వెనక్కి రాదు. ఇథీరియంలో టోకెన్ కదలకపోయినా, ఖర్చయిన గ్యాస్ డబ్బు పోయినట్టే.

ఆ మెసేజ్‌లో పన్ను ఊసే లేదు. 2022 జూలై 1 నుంచి ఇక్కడ క్రిప్టో అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉంది. ఇంటివాళ్లు ఎక్స్ఛేంజ్‌లో లక్ష రూపాయల యూఎస్‌డీటీ అమ్మితే వెయ్యి రూపాయలు అక్కడే కోత పడుతుంది. నెట్‌వర్క్‌లో ఎంత మిగుల్చుకున్నా ఈ వెయ్యి ముందు ఏపాటిది? రిటర్ను వేసి తిరిగి అడగొచ్చు, నిజమే. కానీ స్లాబు మేస్త్రీ శనివారమే కూలి అడుగుతాడు.