సదస్సు తిరుపతిలో, సభ్యులు తిరుమలలో

దేశంలో ఎక్కడ జాతీయ సదస్సు పెట్టినా పరిశోధన పత్రాలు వస్తాయి. తిరుపతిలో పెడితే పత్రాలతో పాటు అత్తగార్లు కూడా వస్తారు. ఈ తేడా గమనించకుండా నిర్వాహకులు ఇంకా ప్రారంభోత్సవం, కీలకోపన్యాసం, టెక్నికల్ సెషన్లు అంటూ పాత పద్ధతిలోనే ప్రోగ్రాం షీట్ అచ్చు వేయిస్తున్నారు. ఉన్నత విద్య బాగు కోరేవాడిగా ఈ విషయంలో కొన్ని సూచనలు చేయక తప్పడం లేదు.

ఇది చిన్న సమస్య అనుకోకండి. 1954లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, అదే ఏడాది సైన్స్ చదువులకు ఐసర్, ఇవి కాక సంస్కృతానికొకటి, వేదానికొకటి, పశువైద్యానికొకటి. 104వ సైన్స్ కాంగ్రెస్ కూడా 2017 జనవరిలో ఎస్వీ యూనివర్సిటీలోనే జరిగింది. ఇన్ని ఉన్న ఊళ్లో ఏడాది పొడవునా ఏదో ఒక హాల్లో ఎవరో ఒకరు జ్యోతి వెలిగిస్తూనే ఉంటారు. ఆ జ్యోతి కొండెక్కే లోపే సభ్యులు కొండెక్కేస్తారు. దీన్ని మేధావుల బాధ్యతారాహిత్యమని పత్రికలు రాయడం అన్యాయం. తప్పంతా క్యాలెండర్‌ది.

ఎలాగంటారా? 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. పెట్టిన కాసేపటికే అయిపోతాయి. మన సదస్సు బ్రోచర్ బయటికొచ్చేది నెలన్నర ముందు. అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) పంపడానికి గడువు, ఆ గడువుకు పొడిగింపు, 'పలువురి కోరికపై' ఇంకో పొడిగింపు అన్నీ అయ్యి, మీ పేపరు అంగీకరించామని మెయిల్ వచ్చేసరికి చేతిలో పది రోజులుంటాయి. అప్పుడు ఆ ఆచార్యుడు ఏం చేయాలి? పేపరు రాసుకోవాలా, ఎమ్మెల్యే గారి పీఏ నంబరు వెతుక్కోవాలా? రెండూ చేయలేడు. ఏది ముఖ్యమో ఆయనకు తెలుసు.

ఇక్కడ స్థానిక అసిస్టెంట్ ప్రొఫెసర్ అనే జీవి గురించి చెప్పాలి. బ్రోచర్ మీద 'కో-కన్వీనర్' అని ఆయన పేరు, కింద సెల్ నంబరు ఉంటాయి. ఆ నంబరు వేయించిన రోజు నుంచి ఆయన సొంత పరిశోధన ఆగిపోతుంది.

"నమస్కారమండీ, నా పేపరు యాక్సెప్ట్ అయినట్టు మెయిల్ వచ్చింది."

"సంతోషం సార్."

"అదలా ఉంచండి. బ్రేక్ దర్శనం ఏమైనా అవుతుందేమోనని..."

"ఎంతమంది సార్?"

"నేనొక్కణ్నేనండీ. మా ఆవిడ, మా అత్తగారు, బావమరిది వాళ్లు."

బావమరిది వాళ్లు ఎంతమందో రేణిగుంటలో రైలు దిగేదాకా ఎవరికీ తెలియదు. రిజిస్ట్రేషన్ ఫారంలో వెంట వచ్చేవారి కోసం ఒక్క గడి మాత్రమే ఇస్తారు. దాని కింద రేషన్ కార్డులో లాగా వరసగా పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు రాసుకునే పట్టిక ఉండాలి. పేపరు శీర్షికకు మిగిలిన చోటు చాలు.

అందుకే నా మొదటి సూచన: ఇకపై ప్రతి సదస్సుకూ దర్శనం కమిటీ వేయాలి. ఆహ్వాన కమిటీ, వసతి కమిటీ, భోజనాల కమిటీ అన్నీ దీని కింద పనిచేయాలి. కన్వీనర్‌ను ఎంపిక చేసేటప్పుడు ఆయన ప్రచురణలు ఎన్ని, వాటిని ఇతరులు ఎంతగా ఉటంకించారో చెప్పే హెచ్-ఇండెక్స్ ఎంత అని చూడకూడదు. కొండ మీద ఎవరెవరు తెలుసు అని చూడాలి. కులపతి గారు వస్తే పక్కన నిలబడి ఫోటో దిగే హక్కు కూడా ఈయనకే. ఇప్పుడు మాత్రం జరుగుతున్నది ఇదే కదా, కాగితం మీద పెట్టడమే తక్కువ.

ఇక వసతి. ముఖ్య అతిథులకు గెస్ట్ హౌస్, ప్రొఫెసర్లకు స్టేషన్ దగ్గర లాడ్జీలో ఇద్దరికొక గది, రీసెర్చ్ స్కాలర్లకు హాస్టల్లో పరుపు లేని మంచం. ఈ వర్ణవ్యవస్థ గురించి సామాజిక శాస్త్రాల సదస్సుల్లో కూడా ఎవరూ పేపరు చదవగా నేను వినలేదు. ఇద్దరికొక గది అన్నప్పుడు వసతి కమిటీ కుర్రాడు పేర్లు అక్షర క్రమంలో సర్దేస్తాడు. ఒకరి పుస్తకాన్ని ఇంకొకరు చీల్చి చెండాడిన సమీక్ష నిరుడే అచ్చయిందని ఆ పిల్లవాడికి ఏం తెలుసు? రాత్రి పదకొండింటికి రిసెప్షన్‌కు ఫోన్ వస్తుంది, ఏసీ పనిచేయడం లేదు, గది మార్చండి అని. ఏసీ బాగానే ఉంటుంది.

సదస్సు ఏర్పేడు వైపు ఐఐటీలో అయితే ఇంకో చిక్కు. సభ్యులు అలవాటు ప్రకారం బస్టాండు పక్కన లాడ్జీ తీసుకుంటారు. క్యాంపస్ ఊరికి ఇరవై కిలోమీటర్ల పైమాటే అని మర్నాడు పొద్దున ఆటోవాడు చెబితే తెలుస్తుంది. అయినా ఎవరూ బాధపడరు. బస్టాండు నుంచి అలిపిరి దగ్గరే కదా.

స్థానిక దర్శనీయ స్థలాల విషయానికి వస్తే మనవాళ్ల ప్రణాళిక చూసి ముచ్చటేస్తుంది. సాధారణంగా సదస్సులు గురు, శుక్రవారాల్లో పెడతారు, శని ఆదివారాలు కలిసొస్తాయని. శుక్రవారం మధ్యాహ్నం బస్సు కట్టి చంద్రగిరి కోటకు తీసుకెళతారు. రాజమహల్‌లోని పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. 1639లో మద్రాసు స్థలం ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లిన కథలో చంద్రగిరి రాజుల పాత్ర మీద పేపరు చదివిన చరిత్ర ఆచార్యులు మూసిన తలుపు ముందు నిలబడి సెల్ఫీ దిగి, శ్రీనివాస మంగాపురం మీదుగా వెనక్కి వస్తారు. కార్యక్రమ నివేదికలో 'క్షేత్ర పర్యటన' అని పడుతుంది.

భూగర్భ శాస్త్రవేత్తలది ఇంకో రకం భక్తి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే రాతి పొరల హద్దు ఉంది. కింది గ్రానైట్‌కూ దాని పైన పేరుకున్న క్వార్ట్‌జైట్‌కూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. జియలాజికల్ సర్వే వాళ్లు దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో దాన్ని చూడటానికి వస్తారు. మన సదస్సు బస్సు దాని పక్కనుంచే దిగుతుంది. తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడి వచ్చిన ఆచార్యులంతా ఆ సమయానికి నోరు తెరిచి నిద్రపోతుంటారు. లేపితే పాపం.

అలిపిరి మెట్లెక్కే వాళ్లను తప్పుపట్టలేం, 3,550 మెట్లు ఎక్కినవాడికి మర్నాడు వేదిక మెట్లు ఎక్కడం కూడా కష్టమే. తలనీలాలతోనే అసలు ఇబ్బంది. పొద్దున ఉంగరాల జుట్టుతో సెషన్‌కు అధ్యక్షత వహించిన పెద్దాయన సాయంత్రం గుండుతో, నుదుట నామంతో ముగింపు సభకు వస్తే, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర అమ్మాయి గుర్తుపట్టక "స్పాట్ రిజిస్ట్రేషన్ క్లోజ్ అయిపోయింది సార్" అంటుంది. ఐడీ కార్డుల మీద రెండు ఫోటోలు వేయించాలి.

ఈ గొడవలో అందరికంటే అన్యాయమయ్యేది రీసెర్చ్ స్కాలర్. రేణిగుంట స్టేషన్‌కు కారు తీసుకెళ్లేది వాడే, విమానాశ్రయంలో బోకేతో నిలబడేది వాడే, ఆచార్యుల వారి అత్తగారికి లగేజీ కౌంటర్ చూపించేదీ వాడే. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం వాడూ కట్టాలి. రెండేళ్లు కష్టపడి రాసిన పేపరును రెండో రోజు భోజనాల తర్వాత సెషన్లో పెడతారు. అప్పటికి హాల్లో ఉండేది అధ్యక్షుడు, మైకు అబ్బాయి, తర్వాత చదవాల్సిన ఇంకో స్కాలర్. అధ్యక్షుడికి కూడా ఆరింటికి శ్రీకాళహస్తి కారు మాట్లాడి ఉంటుంది. "టైం లేదు నాయనా, కన్‌క్లూజన్ చెప్పేసేయ్" అంటాడు. సమస్య ఏమిటో చెప్పకుండా ముగింపు చెప్పడం అక్కడే నేర్చుకుంటారు మనవాళ్లు.

దీనికి పరిష్కారం నా దగ్గరుంది. టెక్నికల్ సెషన్లను వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో పెట్టాలి.

కాదనే ముందు ఆలోచించండి. అక్కడ తలుపు వేస్తారు, కాబట్టి శ్రోతలు మధ్యలో జారుకోలేరు. సెల్ ఫోన్లు ముందే జమ చేసి వస్తారు, కాబట్టి వాట్సాప్ చూసుకుంటూ తల ఊపేవారుండరు. పవర్‌పాయింట్ ఉండదు, కాబట్టి చెప్పేవాడికి విషయం తెలిసి ఉండాలి. పాలు, ఉప్మా దేవస్థానం వాళ్లే తెచ్చి పెడతారు, టీ విరామం పేరుతో ముప్పావు గంట పోదు. పంచె, చీర, చున్నీ నిబంధన ఉంది కాబట్టి బ్లేజర్ వేసినవాడిదే జ్ఞానమనే భ్రమ కూడా పోతుంది. ఎన్ని గంటలు కూర్చోవాలో ఎవరికీ తెలియదు కనుక చర్చకు కావలసినంత సమయం.

అన్నింటికీ మించి, అక్కడ మామూలు జనం ఉంటారు. కుర్రాడు తన పేపరు మొత్తం చెప్పాక, పలమనేరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మూట పక్కన పెట్టి అడుగుతుంది: "అంతా బాగుంది గానీ నాయనా, ఇందువల్ల మాకేమన్నా మేలుందా?" పేపర్లు పరిశీలించే ఏ రిఫరీ ఇంత సూటి ప్రశ్న అడిగాడు? జవాబు చెప్పగలిగిన వాడికి అక్కడికక్కడే డాక్టరేట్ ఇచ్చేయొచ్చు. ఇంతలో గేటు తెరుస్తారు, గోవింద నామాలు మోగుతాయి, సెషన్ ఠంచనుగా ముగుస్తుంది. అధ్యక్షుడు గంట కొట్టనక్కరలేదు.

ఆడిట్ వాళ్లు ఒక అభ్యంతరం చెబుతారని తెలుసు. హాలు అద్దె లేదు, మైకు ఖర్చు లేదు, టిఫిన్ ఖర్చు లేదు. మరి మంజూరైన గ్రాంటు ఖర్చయిందని యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలి? దానికీ దారి ఉంది. లడ్డూ 50 రూపాయలు. ఎన్ని కావాలో కొనుక్కుని, 'సదస్సు సామగ్రి' పద్దు కింద రాసుకోవచ్చు. ఆ పని మన విశ్వవిద్యాలయాలకు నేను నేర్పేదేముంది.